అక్క ఆది జాకెట్టు

కత్తెర చేతిలోకి తీసుకోవడం, మళ్ళీ బల్ల మీద పెట్టేయడం, ఇది ఎన్నోసారో వరమ్మకే తెలియదు. మధ్యాహ్నం గంట కొట్టేశారు. కుట్టుగదిలో తక్కిన ఆడవాళ్ళంతా మిషన్ల మీద గుడ్డలు కప్పి అన్నాలకు పోయారు. ఆసుపత్రి వరండాలో చెప్పుల చప్పుడు సన్నగిల్లింది, ఎక్కడో ఆడవార్డులో ఒక పసిబిడ్డ ఏడ్చి ఏడ్చి మానుకుంది. గంజి వాసన, ఫినాయిలు వాసన, కిటికీలోంచి పడే జనవరి ఎండ. ఎదురుగా కత్తిరింపు బల్ల మీద పట్టుగుడ్డ, మీగడ రంగుది. నీరుగట్టువారిపల్లెలో గంగులప్ప మగ్గం మీద పెళ్ళిచీరతో పాటే పుట్టిన జాకెట్టు గుడ్డ ఇది, దీనికి జోడీ ఇంకొకటి లోకంలో లేదు. కత్తెర ఒక్క వేలు తప్పు నడిచిందా, అంతే సంగతులు. రేపు పొద్దున కుప్పంలో పెళ్ళి. సాయంత్రం బస్సుకు అమ్మతో బయల్దేరాలి. పెళ్ళికూతురు తానే. తన జాకెట్టు ఇంకా గుడ్డగానే పడి ఉందని తనకూ ఈ బల్లకూ తప్ప మూడో ప్రాణికి తెలియదు. ఏమే వరమ్మా, ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళ ఒంటిమీద ఉండేది నీ చేతి కుట్టే కదా, నీకేం వచ్చింది ఈ తెగులు? ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టుంది నీ సంబడం.

అభ్యంతరం. అయ్యగారు చర్చిలో మూడు ఆదివారాలు వరసగా పేర్లు చదివారు. కుప్పం రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా ప్రసాదరావు, మదనపల్లె మిషన్ ఆసుపత్రి కుట్టుగదిలో పనిచేసే వరమ్మ, వీరి వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలపవలసింది. ఎవరూ లేవలేదు. ముప్పై ఆరేళ్ళకు ఒకతికి పెళ్ళి కుదిరితే లేచి అడ్డం చెప్పేంత తీరిక ఎవరికుంటుంది! కానీ చదివిన ప్రతిసారీ వరమ్మ కుడి భుజం బరువెక్కింది. నాకుంది అయ్యగారూ అభ్యంతరం, అని అదే లేచి నిలబడేటట్టు అనిపించింది. ఎడమ భుజం కన్నా కిందికి దిగి ఉంటుంది అది, వెనక ఎముక కాస్త పైకి పొడుచుకొచ్చి. ముందు నుంచి చూస్తే అంతగా తెలియదు. పైట తిప్పి ఆ పక్క కప్పుకుంటే అసలే తెలియదు. వెనక నుంచి చూస్తేనే. అక్కడే వచ్చింది చిక్కంతా. పీటల మీద కూర్చునే పెళ్ళి అయితే జనం ఎదురుగా ఉంటారు, పూలదండలు, తలంబ్రాలు, పొగ, ఆ హడావిడిలో ఎవరి భుజం ఎవరు చూడొచ్చారు. చర్చిలో పెళ్ళికూతురు అయ్యగారి వైపు తిరిగి నిలబడుతుంది. ఆమె ముఖం చూసేది ఆయన ఒక్కడే, ఊరు ఊరంతా బెంచీల మీద కూర్చుని చూసేది ఆమె వీపు. కీర్తన పాడినా, వాక్యం చదివినా, ప్రసంగం ఎంత సాగినా వీపే. ఇన్నేళ్ళు గోడకానుకుని, గుంపు ఫోటోల్లో చివరి వరసలో ఎవరో ఒకరి వెనక నక్కి కాపాడుకొచ్చిన వీపు. దాన్ని రేపు కుప్పం చర్చి నిండా జనానికి అప్పగించి నిలబడాలి. దాని మీద ఏం వేసుకోవాలి? ఏది వేస్తే అది బాగుంటుంది? ఇదీ ప్రశ్న. ఇంత చిన్న ప్రశ్నకు మూడు వారాలు చాలలేదు.

ఎదుటివాళ్ళకయితే ఇట్టే తడుతుందే! అది కదా కడుపుమంట. మొన్నటికి మొన్న అంగళ్ళు ఊరి నుంచి వచ్చిన పిల్ల, మెడ ఇంత పొడుగు, క్యాలెండరు చింపుకొచ్చి ఈ బొమ్మలో ఉన్నట్టు లోతు మెడ పెట్టక్కా అంది. నీకది వద్దు, మెడ చుట్టూ చిన్న పట్టీ నిలబెడతాను చూడు, అని కుట్టి ఇస్తే తొడుక్కుని ఆసుపత్రి వంటింట్లో వాళ్ళకంతా చూపించుకోవడానికి పరుగెత్తింది. లావుగా ఉండే మేట్రనమ్మకు నిలువు చారలు, నల్లగా నిగనిగలాడే రెడ్డెమ్మకు పసుపుకొమ్ము రంగు, చేతులు సన్నగా ఉన్న పిల్లలకు భుజం దగ్గర చిన్న కుచ్చు. మనిషి గుమ్మంలో అడుగు పెడుతూండగానే, నడక చూస్తూండగానే, ఈమెకు ఏది నప్పుతుందో చేతికి తెలిసిపోతుంది. ఆ మనుషులే దారి చూపిస్తారు, బొమ్మలూ సినిమాలూ కాదు. మరి నా దగ్గరికి వచ్చేసరికి ఆ చేతికి ఏమయింది? నన్ను నేను గుమ్మంలోంచి నడిచి వస్తుంటే చూడలేదే ఎప్పుడూ. కుట్టుగదిలో అద్దం కూడా లేదు, ఇంట్లో ఉన్నది అమ్మ బొట్టులేని ముఖం మాత్రం పట్టేంత చిన్నది.

అద్దం లేకపోతే ఏమి, ఆది ఉంది కదా. బల్ల మీద పట్టుగుడ్డ పక్కనే ఉంది, వెలిసిపోయిన నీలం జాకెట్టు. ఈ సీమలో ఆడదాని ఒంటికి టేపు పెట్టి కొలత తీయడం ఎక్కడుంది? సరిపోయిన జాకెట్టు ఒకటి చుట్టి తెచ్చి, ఇదిగో ఆది, దీని మాదిరి కుట్టు, అని పడేసి పోతారు. ఆదిని గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి, కుట్టుకు ఇంత వదిలి కత్తిరించడమే. అదీ గుడ్డను రెండు మడతలు వేసి. మడత మీద ఒక్క కోత కోస్తే అటూ ఇటూ రెండు భుజాలూ, రెండు చంకలూ ఒకేసారి తెగుతాయి. పని సగం, గుడ్డ ఆదా. ఎంతమందికి కత్తిరించింది అట్లా! మనిషికి ఎడమెంతో కుడీ అంతే అని ఆ మడత నమ్మకం. ఆ మడతే ఇప్పుడు ఎదురుగా పట్టుగుడ్డ మధ్యలో నిలువుగా పడి ఉంది. దాని మీద ఆది పరిచింది, తీసేసింది, పరిచింది, తీసేసింది. ఎందుకు తీసేస్తున్నదో తనకే అర్థం కాదు. పోనీ పెళ్ళికొడుక్కు తెలుసేమో. ఆయన అడిగిన మాట వల్లనే కదా ఈ కత్తెరకు కాళ్ళు విరిగింది.

ప్రసాదరావు. తల్లికి కడుపులో గడ్డ కోయించాలని, కుప్పం నుంచి తీసుకొచ్చి వార్డులో పెట్టుకుని నెల పైన ఉన్నాడు. ముసలామెకు వదులు గౌను కావాలని కుట్టుగది గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా చెప్పులు విడిచి నిలబడ్డాడు. చెవుల దగ్గర నెరిసిన జుట్టు, జేబులో రెండు పెన్నులు, నవ్వితే ఒక పక్కకే పోయే నోరు. గౌను ఒక్కరోజు పని. అయినా దానికోసం నాలుగైదు సార్లు వచ్చాడు, వచ్చిన ప్రతిసారీ ముసలామె ఏదో ఒకటి పంపింది, ఒకసారి వేయించిన పల్లీలు, ఒకసారి బెల్లం. మంచి మనిషే. అయితే ఆఖరిరోజు ఏమన్నాడు? తల్లిని డిశ్చార్జి చేసిన రోజు, గుమ్మంలో నిలబడి, నేల చూస్తూ, ఎంతో మర్యాదగా, "కోపగించుకోరంటే ఒక మాట అడగతా. మీరు తొడుక్కొనుండే జాకెట్టు ఎవురిదండీ?" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది వరమ్మకు. "ఎవురిదయ్యేదేంది? నాదే! నేనే కత్తిరించుకొని నేనే కుట్టుకొన్నా" అంది. అట్లనా, అని తల ఊపి వెళ్ళిపోయాడు. పది రోజులకు పెళ్ళి కబురు పంపాడు, అది వేరే సంగతి. కానీ ఆ ప్రశ్న పోలేదు. పిన్నీసులాగా ఎక్కడో ఉండిపోయి, కదిలినప్పుడంతా పొడుస్తూ వచ్చింది. జాకెట్టు ఎవరిదంటాడేమిటి? ఎవరిదో ఎత్తుకొచ్చుకున్నానా?

ఎండ బల్ల కాలి దగ్గర నుంచి గుడ్డ అంచు దాకా ఎక్కింది. పట్టు వెలిగింది. తాకితే చల్లగా ఉంది, పుంగనూరులో పొద్దుటి నేల లాగా. పుంగనూరు చలి ఎముకల్లో దూరేది. నాయన దయానందం అక్కడ ఉపదేశి, వారంలో సగం రోజులు పల్లెల్లో ప్రార్థనలకు తిరిగేవాడు. ఆయన ఊళ్ళో లేని రోజే చింతచెట్టెక్కింది వరమ్మ, ఎనిమిదేళ్ళప్పుడు. పైకొమ్మ మీద అక్క విక్టోరియా, అక్క ఎక్కింది కాబట్టి తానూ. అక్క దిగింది, తాను పడింది. ఎముక విరిగితే పుత్తూరు కట్టు కట్టించాలని పసిబిడ్డకు కూడా తెలుసు, కానీ నాయన వచ్చాక పోదాంలే అనుకుంది అమ్మ, ఒక్కతే ఎట్లా పోతుంది పాపం. పక్కూరి నుంచి ఎవరో వచ్చి వెదురుబద్దలు పెట్టి కట్టాడు. నాయన వచ్చేసరికి ఎముక తన దారి తాను చూసుకుంది. అప్పటినుంచీ అమ్మ నోట్లో ఒకటే పాట, పుత్తూరుకు పోయింటే, పుత్తూరుకు పోయింటే. ఆ పాటతో పాటు ఒక చెయ్యి కూడా, ఎక్కడున్నా వెనకనుంచి వచ్చి కుడిపక్కకు పైట లాగి కప్పే చెయ్యి. ఓణీ వేసిన నాటి నుంచి నిన్న బజారులో గాజులు కొనేదాకా. అది కోపం చెయ్యి కాదు, భయం చెయ్యి, ఆ సంగతి వరమ్మకు తెలుసు. తెలిసినా చిన్నప్పుడు ఒక్కోసారి ఆ చెయ్యి విదిలించి కొట్టాలనిపించేది.

ఆ పుంగనూరు చలికే పక్కింటి పాపన్న తన ఆవుకు గోనెపట్టా చొక్కా కుట్టాడు. పుంగనూరు ఆవు అంటే తెలిసిందే, మనిషి నడుము దాకా కూడా రాదు. సంతలో కొనుక్కొచ్చిన పట్టా పెద్ద ఎద్దులకు కుట్టింది, దానిమీద వేస్తే నేలమీద ఈడ్చుకుంటూ, కాళ్ళకు తట్టుకుని పాపం పడబోయింది. వీధిలో అందరూ నవ్వారు. పాపన్న నవ్వలేదు, ఒక దారం తెచ్చి ఆవు వీపు మీద పెట్టి, మూపురం దగ్గర ఒక ముడి, తోక దగ్గర ఒక ముడి వేసుకుని, పట్టా విప్పి మళ్ళీ కోసి కుట్టాడు. "దాని వీపు దానిది గదప్పా, ఎద్దుది తెచ్చి ఏస్తే ఎట్ల?" అన్నాడు నవ్వినవాళ్ళతో. ఆ చొక్కా వేసుకుని ఆ పొట్టి ఆవు వీధిలో ఏం ఠీవిగా నడిచింది! మహారాణి. దొడ్డిగోడ మీద కూర్చుని కట్టు కట్టిన భుజంతో చూస్తూ ఉండిపోయింది వరమ్మ. ఈ సంగతి ఇన్నేళ్ళకు ఇప్పుడెందుకు గుర్తొచ్చింది? ఆవుకు కొలత తీశాడు పాపన్న. ఆవుకు!

నాకు ఎవరు తీశారు? ఆలోచించు. మొట్టమొదటి జాకెట్టు. పదహారేళ్ళు నిండి ఈ కుట్టుగదిలో పనికి కుదిరిన ఏడాది. అక్క నర్సు చదువుకు వెళ్తూ పాత బట్టలు వదిలిపెట్టి పోయింది. అక్క నిటారుగా, దూలంలాగా నిలబడే మనిషి, భుజాలు చూస్తే గీత గీసినట్టుండేవి, కీర్తన పాడడానికి ముందుకొస్తే చర్చిలో గుసగుసలు ఆగిపోయేవి. ఆ అక్క నీలం జాకెట్టు అమ్మే తెచ్చి ఇచ్చింది. "దీనికేమి, బంగారం మాదిరి ఉండాది. దీన్నే ఆది పెట్టుకో అమ్మీ" అంది. గుడ్డ మడత వేసింది, ఆది పరిచింది, కోసింది. తొడుక్కుంటే కుడిపక్క సంచిలాగా వేలాడింది. అప్పుడు అమ్మే ఇంత పాతగుడ్డ మడిచి భుజం లోపల పెట్టింది, ఎత్తు సరిపోయింది. ఆ పేలిక ఈ రోజుకూ పెడుతూనే ఉంది. ఎండాకాలంలో చెమటకు ఒరుసుకుని పొక్కులొస్తాయి, అయినా పెడుతుంది. ఆది చినిగిపోతే దాని మాదిరి కుట్టిన ఇంకోటి ఆది అయింది, అది చినిగితే ఇంకోటి. గుడ్డలు మారాయి, ఈ బల్ల మీదిది ఎన్నోదో, కొలత మాత్రం పాదుకుపోయింది, పద్ధెనిమిదేళ్ళ విక్టోరియా కొలత.

కత్తెర బల్ల మీద టక్కున పడింది. చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలియదు. పోయిన నెల కుప్పం వెళ్ళినప్పుడు, పెళ్ళి మాటలకు, అక్క ఇంట్లోనే దిగారు. ప్రసాదరావు తల్లి ప్రయాణం చేసే స్థితిలో లేదు కాబట్టి పెళ్ళి కుప్పంలోనే అని అక్కడే అనుకున్నారు. అక్కకు ఐదుగురు పిల్లలు, ఒకరి తర్వాత ఒకరిని చంకనేసుకుని మోసి మోసి, పైగా బోరింగు నుంచి బిందెలు మోసి, అక్క ఎడమపక్కకు ఒరిగిపోయింది. చంకలో బిడ్డ లేకున్నా ఉన్నట్టే నిలబడుతుంది. కుప్పం వీధుల్లో చూడు, ఏ ఆడది తిన్నగా నిలబడింది? బిందె మోసేది ఒక పక్క, రాళ్ళ తట్ట మోసేది ఒక పక్క, బిడ్డనెత్తుకున్నది ఒక పక్క. ఒరిగిన పక్కనే వాళ్ళ పైట ఎంత అందంగా జారుతుంది, ఎప్పుడైనా గమనించావా? గమనించింది. ఆ రోజు అక్క పాత నీలం జాకెట్టు లాంటిదే ఒకటి పెట్టెలోంచి తీసి, చెల్లెలి ముందు తొడుక్కోబోయి, చేతులు ఎక్కక, హుక్కు అందక, పగలబడి నవ్వింది. "సూడవే వరా, ఇది నాదంటే ఎవురైనా నమ్ముతారా?" అంది. తానూ నవ్వింది. నవ్వి ఊరుకుంది, బుద్ధి లేనిది. అక్కకే సరిపోని కొలతను, అక్కే వదిలేసి పెళ్ళి చేసుకుని పిల్లల్ని కని ముందుకు వెళ్ళిపోయిన కొలతను, తాను ఇరవయ్యేళ్ళుగా పేలిక కుక్కుకుని తొడుక్కుంటున్నది. లోకంలో లేని మనిషి ఆదితో బతుకుతున్నది. జాకెట్టు ఎవరిదండీ అని ఆయన అడిగాడంటే అడగడా మరి!

వరమ్మకు ఏడుపు వచ్చింది. వస్తే రానీ, ఎవరున్నారు చూడటానికి. పట్టు మీద నీటిచుక్క పడితే మచ్చ అవుతుందని మాత్రం వెనక్కి జరిగి స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. చేతి పని ఎంత వచ్చినా తన ఒంటి తెలివి లేకపోయె. ఇంకొకరికి ఇట్లా జరిగి ఉంటే ఒక్క చూపులో పట్టేసి ఉండేది. ఇంకొకరికి. పట్టింది కదా ఒకసారి! పుంగనూరు పక్క పల్లెలో పెద్దరైతు ఇంటి శారదమ్మ. రొమ్ములో గడ్డ అని ఇక్కడే ఒక పక్క తీసేశారు. కొడుకు పెళ్ళి ఇంకో నెల ఉందనగా వచ్చింది, ముసుగు కప్పుకుని, ఆది జాకెట్టు చుట్టి చంకలో పెట్టుకుని. వరమ్మ ఆ ఆది మడత మీద పరిచి, ఎప్పటిలాగే కోసి, ఖాళీ పక్కన మెత్తటి దూది పెట్టి కుట్టి ఇచ్చింది. ఎంతో శ్రద్ధగా చేసింది. మరునాడే తిరిగొచ్చింది శారదమ్మ, మండిపడుతూ. "ఇదేందమ్మా, ఒంగితే దూది మెడకాడికి వస్తాండాది. కోడలి ముందర నేను దీన్ని సర్దుకుంటా కూసోవాల్నా? నాకు దొంగది వద్దు. ఉండేది ఉండేట్టుగా కుట్టే ధైర్యముంటే కుట్టు, ల్యాకుంటే సెప్పు" అని బల్ల మీద విసిరికొట్టింది.

అప్పుడు ఏం చేసింది తాను? మడత విప్పింది. గుర్తొచ్చింది, స్పష్టంగా, ఈ బల్ల మీదే, ఈ కిటికీ వెలుగులోనే, గుడ్డ మడత విప్పి ఒంటిపొరగా పరిచింది. తలుపు గొళ్ళెం పెట్టి, శారదమ్మ సిగ్గుపడకుండా పక్కనే కబుర్లు చెబుతూ, కుడి కొలత వేరు, ఎడమ కొలత వేరు తీసింది. రెండు పక్కలూ వేరు వేరు జాకెట్లయినట్టు రెండుసార్లు కోసింది. ఉన్నపక్క ఎత్తు నిలిచేట్టు డాట్ల మడతలు వేసింది, లేనిపక్క ఒక్క ముడత లేకుండా చదునుగా పరుచుకునేట్టు లాగి కుట్టింది. దాచలేదు. ఒంటికి అతికిపోయింది జాకెట్టు. మేట్రనమ్మ గదిలో నిలువుటద్దం ముందు నిలబడి శారదమ్మ అటూ ఇటూ తిరిగి చూసుకుంది. పైట ఒకసారి అటు వేసింది, ఒకసారి ఇటు వేసింది. తర్వాత గట్టిగా ఊపిరి వదిలి, "అమ్మయ్య. ఆపరేశను అయినకాణ్ణించి ఈ పొద్దే వక్కాకు ఏసుకోవాలని బుద్ధి పుడతాండాది" అంది. అంత బాగా కనపడింది ఆమె. చిన్నది అయిపోయిన మనిషి మళ్ళీ పెద్దరైతు భార్య అయి వరండాలో నడిచిపోయింది. ఆ రోజంతా వరమ్మకు నేల మీద కాళ్ళు నిలవలేదు. మరి అంత తెలిసినదానివి, ఆ మధ్యాహ్నమే, ఆ విప్పిన గుడ్డ ముందే, నీ సంగతి నీకు తట్టలేదా? తట్టలేదు. ఎందుకంటే శారదమ్మను చూసింది. తనను చూసుకోలేదు.

లేచింది. ముఖం పైట చెంగుతో తుడుచుకుంది. టేపు తీసి మెడలో వేసుకుంది. ముందు కొలతలు చకచకా వచ్చాయి, ఛాతీ, నడుము, చేతి పొడుగు, సుద్దతో బల్ల చెక్క మీదే రాసింది. వీపు దగ్గర ఆగిపోయింది. టేపు ఒక కొస నోట పట్టుకుని, ఇంకో కొస భుజం మీదుగా వెనక్కి వేసి, చెయ్యి మెలి తిప్పి చూసింది, అందలేదు. గోడకు అదిమిపెట్టి చూసింది, జారింది. ఎంతమంది వీపులు కొలిచింది! ఎవరి వీపు వాళ్ళు కొలుచుకోలేరన్న సంగతి ఇప్పుడు తెలిసింది. ఇంకొకరు కావాలి. ఎవరిని పిలవాలి? ఆ ఎముక మీద పరాయి చెయ్యి పడటమా? బస్సు వేళ దగ్గరపడుతోంది, గోడ మీద ఎండ పక్కకు తిరిగింది, ఇంకాసేపటికి మిషన్ల వాళ్ళందరూ వచ్చేస్తారు. పోనీ ఆది పరిచి మడత మీద కోసేస్తే? ఒక్క నిమిషం పని. తల మీది పెళ్ళి ముసుగు కిందికి దించుకుంటే ఎవరికి తెలుస్తుంది? చెయ్యి నీలం జాకెట్టు వైపు పోయింది కూడా.

తలుపు తోసుకుని అమ్మ వచ్చింది, అన్నం క్యారియరు ఊపుకుంటూ, ఆయాసపడుతూ. "బస్సుకు పొద్దు బోతాండాది, ట్రంకు కట్టేసినా, నువ్వు ఈడ కూసోని ఏం..." అని బల్ల మీద పట్టుగుడ్డ చూసి నోరు తెరిచేసింది. "ఓసి నీ పాసుగూల! ఇంకా గుడ్డగానే ఉండాదా? రేపు ఏం తొడుక్కొని నిలబడతావే? ఆది ఈడనే ఉండాది గదా, కోసేదానికి చేతులు పడిపోయినాయా?"

"ఆది వద్దు మా. అది అక్క కొలత." వరమ్మ తలుపుకు గొళ్ళెం పెట్టింది. మెడలోంచి టేపు తీసి అమ్మ చేతిలో పెట్టింది. "నువ్వు కొలువు."

అమ్మకు అర్థం కాలేదు. వరమ్మ పైట తీసేసి, జాకెట్టు హుక్కులు విప్పి, లోపలి బాడీతో వెనక్కి తిరిగి నిలబడింది. జాకెట్టుతో పాటు భుజం లోపలి పేలిక ఊడి కింద పడింది. కట్టు విప్పిన రోజు తర్వాత అమ్మ ఆ ఎముకను వెలుగులో చూసి ఉండదు. కప్పడమే కానీ చూడటం లేదు. తర్వాత ఆ చెయ్యి వచ్చింది, ఎప్పుడూ పైట లాగే ఆ చెయ్యి, ఈసారి కప్పడానికి వీపు మీద ఏమీ దొరక్క, ఉత్త ఎముక మీద వచ్చి ఆగింది. గరుకుగా, చల్లగా. "ఆ పొద్దు పుత్తూరుకు ఎత్తుకపోయింటే..." అని పైట చెంగు కళ్ళకు అద్దుకుంది అమ్మ.

"టేపు జారతాండాది మా. గట్టిగా పట్టుకో" అంది వరమ్మ. గోడ వైపే చూస్తూ అంది. ఆమెకూ ఏడుపొస్తోంది, కానీ ఇద్దరూ ఏడిస్తే కొలత ఎవరు తీయాలి?

అమ్మ ముక్కు చీదుకుంది. మెడ కింది ఎముక నుంచి ఎడమ భుజం కొస దాకా పట్టింది, అంకె చదివింది. కుడిపక్క పట్టింది, చదవబోయి ఆగింది. మళ్ళీ ఎడమ పట్టింది, మళ్ళీ కుడి. భుజం నుంచి నడుము దాకా అటూ ఇటూ దింపి చూసింది. "రెండు పక్కలా రెండు తీర్లుగా వస్తాండాదే అమ్మీ," అంది తప్పు తనదే అయినట్టు. "దేన్ని రాసుకొంటావు?"

"రెండూ."

సుద్దతో బల్ల మీద రాసింది, ఎడమ కింద ఒక అంకె, కుడి కింద ఒక అంకె, పక్కపక్కనే. రాస్తూ ఉండగానే వెనక మెడ ఎంత దించాలో చేతికి తెలిసిపోయింది. గుమ్మంలోంచి నడిచి వస్తున్న ఒక మనిషి కనపడింది, పొట్టిగా, గుండ్రంగా, ఒక పక్కకు కాస్త ఒరిగి, ఎక్కడా నక్కకుండా. ఈమెకు గొంతుదాకా మూసే మెడ వద్దు. వెనక గుండ్రంగా కాస్త దించి, చేతులు మోచేతి దాకా సాదాగా, కుడి భుజం మీద కుట్టు వాలుగా ఎముకతో పాటే దిగాలి. ఇంత తేలికా! ఇదా మూడు వారాలు రానిది! అమ్మ కింద పడిన పేలిక తీసి దులిపింది. "మరి ఇది లోపల పెట్టుకోవా?" అంది. "మిషను తుడిచేదానికి పనికొస్తాది, ఆడ పెట్టు" అంది వరమ్మ. "మరి ఆది?" "అక్కకు ఇచ్చేస్తా. ఆమెకూ పట్టదు, నవ్వుకొంటాది." అమ్మ నవ్వబోయి, నవ్వు రాక, క్యారియరు మూత తీసింది. "ఒక ముద్ద తిని కోయకూడదా?" అని గొణిగింది. ముద్ద కలిపి నోటికి అందించింది కూడా. వరమ్మ నములుతూనే పట్టుగుడ్డ పట్టుకుని మడత విప్పింది. గుడ్డ బల్ల నిండా పరుచుకుంది, మధ్యలో మడత పడిన చోట సన్నటి గీత ఒకటి మిగిలింది. అరచేత్తో దాన్ని రెండుసార్లు రాసింది. కత్తెర తీసుకుని, ముందుగా కుడి భుజం వైపు నుంచి కోయడం మొదలుపెట్టింది.